‘సరేనమ్మా’ అని తలూపి వెళ్ళిపోతారు: అర్థమైందో లేదో తేల్చుకునేదెట్టా?

సింహపురి_సిస్టర్
అందరికీ నమస్కారం. నెల్లూరు వైపు బీపీ, షుగర్ క్లినిక్కుల్లో పనిచేసే వాళ్ళందరి తరఫునా ఒక ప్రశ్న. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏం తగ్గించాలో చెప్తాం. ‘అర్థమైందామ్మా?’ అంటే ‘ఆఁ, సరేమ్మా’ అంటారు. మళ్ళీ నెల వచ్చేసరికి సగం మాత్రలు షీటులోనే ఉంటాయి. గట్టిగా అడిగితే మొహం ముడుచుకుంటారు, మెత్తగా అడిగితే మళ్ళీ అదే ‘సరే’. మనిషికి అయిదారు నిమిషాలకు మించి దొరకదు. ఏ మాట తీసేసి ఏ మాట పెట్టాలో చెప్పండి. ‘సానుభూతితో వినండి’ లాంటి ట్రైనింగు పాఠాలు వద్దు, అవి ఫైల్లో ఉన్నాయి.

గుండ్లకమ్మ
మన ‘సరే’కి నాలుగు అర్థాలు: విన్నాను, మీ మాట కాదనలేను, ఇక నన్ను పోనివ్వండి, చేస్తాను. మనం వినేది ఎప్పుడూ నాలుగోదే, వాళ్ళు అనేది ఎక్కువగా మొదటి మూడూ.

‘అర్థమైందా’ అన్న ప్రశ్న పూర్తిగా మానేయండి. దానికి ‘లేదు’ అని చెప్పడమంటే నాకు తెలివి లేదని ఒప్పుకోవడమే. యూనిఫాం వేసుకున్న మనిషి ముందు, వెనకాల ఇరవై మంది లైన్లో ఉండగా ఎవరు ఒప్పుకుంటారు? బరువు మీ మీద వేసుకుని అడగండి:

‘నేను గబగబా చెప్పేశాను, సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్ళాక మీ కోడలు ఈ మాత్రలేంది అత్తా అని అడిగితే ఏం చెప్తారు?’

కోడలు అనే మాట అక్కడ ఊరికే పెట్టలేదు. ‘నాకు తిరిగి చెప్పు’ అంటే పరీక్షలాగా ఉంటుంది. ‘కోడలికి ఏం చెప్తావు’ అంటే ఆమె చెప్పే మనిషవుతుంది. కోడలు లేకపోతే కూతురు, పక్కింటావిడ, ఎవరైనా సరే, ఇంట్లో ఆ మాత్రలు నిజంగా చూసే మనిషి పేరు పెట్టండి.

ఆమె చెప్పినదాంట్లో తప్పుంటే ‘కాదు కాదు’ అనకూడదు. ‘రాత్రి మాత్ర గురించి నేను సరిగ్గా చెప్పలేదు’ అని ఆ ఒక్క ముక్కే మళ్ళీ చెప్పి, ఆ ఒక్క ముక్కే మళ్ళీ అడగాలి. మొత్తం పాఠం మళ్ళీ మొదలుపెడితే ఆమె మళ్ళీ ‘సరే’లోకి వెళ్ళిపోతుంది. ఒక్క రాకలో మూడు విషయాలకు మించి చెప్పొద్దు. అయిదు చెప్పారంటే ఆమె ఇంటికి తీసుకెళ్ళేది ఏ రెండో మీ చేతిలో ఉండదు. మూడు చెప్తే ఏవి ముఖ్యమో మీరే తేల్చుకున్నట్టు.

మన్నేరు
వినడానికి బాగుంది. ఓపీలో 80 మంది ఉంటే కోడలికి ఏం చెప్తారో అడుగుతూ కూర్చుంటామా?

గుండ్లకమ్మ
@మన్నేరు, అందరికీ అక్కర్లేదు. మందు మారిన రోజు, డోసు మారిన రోజు, కొత్తగా ఇన్సులిన్ మొదలైన రోజు. ఈ మూడు సందర్భాల్లో మాత్రం వదలొద్దు. ఒక విషయానికి 30, 40 సెకన్లు పడుతుంది. మళ్ళీ నెల ‘ఎందుకు తగ్గలేదు’ అని జరిగే విచారణకు పట్టే టైముతో పోల్చుకోండి.

పెన్నాగట్టు
సిస్టర్ గారూ, మీ ప్రశ్న చివర్లో ఏ అక్షరం ఉందో చూసుకోండి. సగం జబ్బు అక్కడే ఉంది.

‘మందులు వేసుకుంటున్నారు కదా?’ ఇందులో ‘కదా’ వచ్చిందంటే జవాబు మీరే చెప్పేసినట్టు. ఎదుటి మనిషికి మిగిలింది తలూపడమే.
‘వేసుకుంటున్నారా?’ ఇదీ అవునూ కాదూ ప్రశ్నే. మర్యాదస్థులు అవుననే అంటారు.
‘ఎందుకు వేసుకోలేదు?’ ఇది పోలీసు స్టేషను ప్రశ్న. తెలుగులో ‘ఎందుకు’ తిట్టులోకి జారిపోతుంది, గొంతు ఎంత మెత్తగా పెట్టినా సరే. ‘ఏం అడ్డం వచ్చింది?’ అంటే అదే సమాచారం వస్తుంది, తప్పు మాత్రం మనిషి మీది నుంచి అడ్డం మీదికి పోతుంది.

మందుల సంగతి అడిగేటప్పుడు తప్పిపోవడం మామూలే అని ముందు మీరే అనేయాలి. ‘రోజూ మాత్రంటే ఎవరికైనా ఒకటి రెండు రోజులు తప్పుతుంది. పోయిన వారంలో మీకు ఎన్ని రోజులు తప్పింది?’ ‘తప్పిందా’ కాదు, ‘ఎన్ని రోజులు’. పోయిన నెల అనొద్దు, ఎవరికీ గుర్తుండదు. వారం అంటే సంత రోజు, శనివారం, పనికెళ్ళిన రోజు, అట్టా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు.

‘ఇంకేమన్నా ఉందా?’ కూడా తలుపు వేసే మాటే. చేతిలో పెన్ను మూత పెడుతూ అడుగుతాం చూడండి, దానికి ఎవరైనా ‘ఏం లేదమ్మా’ అంటారు. ‘ఇంకా ఏం అడగాలనుకుని వచ్చారు?’ అని, అదీ మొదట్లోనే అడగండి. చివర్లో అడిగితే అసలు సంగతి గడప దగ్గర నిలబడి చెప్తారు, అప్పటికి తర్వాతి మనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు.

సింహపురి_సిస్టర్
‘ఏం అడ్డం వచ్చింది’ మాట ఇవాళ్టి నుంచే మొదలు. పొద్దున మాత్ర వేసుకున్నాక కళ్ళు తిరుగుతున్నాయని మానేసే వాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా నాట్లకు పోయే ఆడవాళ్ళు. వాళ్ళని ఎట్టా అడగాలి?

గుండ్లకమ్మ
‘టిఫిన్ ముందు వేసుకోమ్మా’ అని చెప్పి ఉంటారు. నాట్లకు పోయే మనిషికి టిఫిన్ అనేది ఉందా అన్నది ఎవరూ అడిగి ఉండరు. తెల్లారకముందే ఆటో ఎక్కుతుంది, మాత్ర మింగి ఎక్కుతుంది, సద్ది విప్పేది ఏ తొమ్మిదింటికో పదింటికో. అది గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్ర అయితే తిండి లేని ఆ మూడు నాలుగు గంటల్లో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు బైర్లు. ఆమె దృష్టిలో మాత్రే తేడా చేసింది, మానేస్తే బాగుంది. ఆమె లెక్క తప్పు కాదు, మన ప్రశ్న తప్పు.

‘టిఫిన్ ఎన్నింటికి?’ బదులు ‘పొద్దున మొదటి ముద్ద ఎన్నింటికి నోట్లో పడుతుంది?’ అని అడగండి. ఆ టైము కాగితం మీద రాసి డాక్టరుకు చూపించి, మాత్ర ఆ ముద్ద దగ్గరికి జరపవచ్చా అని అడగండి. మార్చేది డాక్టరే. కానీ ఆ టైము మీరు అడగకపోతే ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

కళ్ళు తిరిగితే ఏం చేయాలో కూడా వాళ్ళ చేతిలో ఉండే వస్తువుతోనే చెప్పాలి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, 15 నిమిషాలు కూర్చోవాలి, తగ్గకపోతే మళ్ళీ తాగాలి, ఆ తర్వాత సద్ది తినాలి. కొంగున పంచదార పొట్లం కట్టుకెళ్ళమంటే కట్టుకెళ్తారు. ‘హైపోగ్లైసీమియా వస్తే గ్లూకోజ్ తీసుకోండి’ అంటే ‘సరేమ్మా’ అంటారు.

కనిగిరి_వాసి
ఒక్కపొద్దులు మర్చిపోవద్దు. శనివారం ఒక్కపొద్దు ఉండే వాళ్ళు మాత్ర మాత్రం మామూలుగానే వేసుకుంటారు. ‘ఉపవాసం ఉంటారా’ అని అడిగితే ‘లేదు’ అంటారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో పండూ పాలూ తీసుకుంటే అది ఉపవాసం కాదు, ఒక్కపొద్దు. వాళ్ళ మాటతోనే అడగాలి. రంజాన్ నెలకైతే నెల మొదలయ్యాక కాదు, ముందే పిలిచి సహరీ, ఇఫ్తార్ టైములు పెట్టుకుని డాక్టరుతో మాట్లాడించాలి.

మా వైపు ఇంకో ముచ్చట. కనిగిరి, మర్రిపూడి పక్కల ఫ్లోరైడ్ నీళ్ళ గురించి చెప్పేవాళ్ళు చేసే తప్పు. ‘ఆ బోరు నీళ్ళు తాగొద్దు’ అని చెప్పి వెళ్ళిపోతారు. ఏ నీళ్ళు తాగాలి, బిందె ఎంత, ఎవరు మోస్తారు? దాని మీద మాట లేదు. పైగా ప్రతి జబ్బుకీ ‘నీళ్ళు కాచి తాగండి’ అని మనమే నేర్పించాం కాబట్టి, ఫ్లోరైడుకూ కాచితే చాలనుకుంటారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క మనకు కావాలి, వాళ్ళకు కావలసింది ‘తాగడానికీ వంటకీ ఈ నీళ్ళు, స్నానానికీ గిన్నెలకీ ఆ నీళ్ళు’ అన్న విభజన. తాగే నీళ్ళే కాదు, అన్నం వండే నీళ్ళు కూడా అని విడిగా చెప్పాలి. అది చెప్పకపోతే క్యాను నీళ్ళు తాగుతూ బోరు నీళ్ళతో పప్పు ఉడకేస్తారు.

మన్నేరు
ఉప్పు సంగతీ ఇంతే. ‘ఉప్పు తగ్గించండి’ అంటే అందరూ ‘మేం తక్కువే తింటాం’ అంటారు. ‘కిలో ఉప్పు పాకెట్టు ఎన్నాళ్ళకొస్తుంది, ఇంట్లో ఎంతమంది?’ అని అడగండి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నలుగురుంటే రోజుకు 20 గ్రాములు, కిలో పాకెట్టు 50 రోజులు రావాలి. నెలకే అయిపోతోందంటే ఎవరినీ తప్పుపట్టకుండానే లెక్క బయటపడింది. ఊరగాయ పెట్టిన నెల ఈ లెక్క పనికిరాదు. సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుచేపల సంగతి విడిగా అడగాలి, దాన్ని ఎవరూ ఉప్పు కింద లెక్కేయరు.

(ఇందాక ఎకసెక్కం చేశాను గానీ, ఈ ముక్కలు నిజంగా పనికొచ్చేవే.)

ఉదయగిరి_కొండ
టైము గురించి ఒక మాట. 1984లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో డాక్టర్లు సగటున 18 సెకన్లకే రోగి మాటకు అడ్డుపడ్డారని తేలింది. 1999లో మళ్ళీ చూస్తే 23 సెకన్లు. మరి అడ్డుపడకపోతే గంటలు మాట్లాడతారా? 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 335 మందిని అట్లా మాట్లాడనిచ్చి లెక్కపెడితే సగటు 92 సెకన్లు, 78 శాతం మంది రెండు నిమిషాల్లోపే ముగించేశారు. మనవాళ్ళకు ఉపోద్ఘాతం కాస్త ఎక్కువే, ఇంకో నిమిషం కలుపుకోండి. అయినా భయపడేంత లేదు.

వినడానికి మనకు పాత పద్ధతి ఉండనే ఉంది: ఊఁ కొట్టడం. కథ చెప్పేటప్పుడు పిల్లలు కొట్టే ఊఁ. అది నిదానంగా, వాక్యం ఆగిన చోట పడాలి. గబగబా ‘ఊఁ, ఊఁ, ఊఁ’ అంటే ‘తెమల్చు’ అని అర్థం. ఊఁ తర్వాత వాళ్ళ చివరి మాటనే తిరిగి అనండి. ‘రాత్రిళ్ళు నిద్ర పట్టట్లా...’ ‘నిద్ర పట్టట్లా...’ అని ఆగండి, మూడు నాలుగు సెకన్లు. ప్రశ్న వేయొద్దు. తర్వాత వచ్చే వాక్యమే అసలు వాక్యం.

కొత్తపట్నం_అల
ఆ మూడు సెకన్లలోనే మన నోటి నుంచి ‘ఏం కాదులే’ ఊడిపడుతుంది. నన్నడిగితే మన వృత్తుల్లో అన్నిటికంటే చెడ్డ మాట అదే. ‘ఏం కాదులే’, ‘దేవుడున్నాడు’, ‘నీకంటే కష్టాల్లో ఉన్న వాళ్ళు లేరా’, ‘ధైర్యంగా ఉండు’... ఇవన్నీ చెప్పే మనిషికి ఉపశమనం, వినే మనిషికి మూత. బదులుగా పెద్ద వాక్యాలేం అక్కర్లేదు. ‘ఒక్కదానివే మోసుకొస్తున్నావు’, ‘అంత భయంగా ఉంది’. చూసినదాన్ని చూసినట్టు అనడం, అంతే. తప్పుగా అన్నా పర్వాలేదు, ‘భయం కాదమ్మా, కోపం’ అని వాళ్ళే సరిచేస్తారు. అదీ లాభమే.

చెడ్డ వార్త చెప్పడానికి 2000లో క్యాన్సర్ డాక్టర్లు రాసిన ఆరు మెట్ల పద్ధతి ఇప్పటికీ వాడతారు. చోటు సర్దుకోవడం, వాళ్ళకు ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం, ఆ తర్వాతే వార్త, తర్వాత వాళ్ళ బాధకు చోటివ్వడం, చివర ముందేం చేద్దామో మాట్లాడటం. మన దగ్గర తప్పేది రెండో మెట్టూ మూడో మెట్టూ. నేరుగా రిపోర్టు చదివేస్తారు, లేకపోతే కొడుకును వరండాలోకి పిలిచి అతనికి చెప్పేస్తారు.

‘మా నాయనకి చెప్పొద్దండీ, తట్టుకోలేడు’ అని కొడుకు అంటే వాదించొద్దు. ‘చెప్తే ఏమవుతుందని భయం?’ అని అడగండి, పూర్తిగా చెప్పనివ్వండి. తర్వాత, ‘నేను నా అంతట పోయి చెప్పను. కానీ ఆయనే అడిగితే అబద్ధం చెప్పలేను. ఆయనకు ఎంత తెలుసుకోవాలనుందో మీ ముందే అడుగుతాను’ అనండి. పెద్దాయన్ని అడిగే తీరు: ‘కొందరు రిపోర్టులో ఏముందో అంతా తెలియాలంటారు, కొందరు పిల్లలతో మాట్లాడమంటారు. మీకెట్టా ఉంటే బాగుంటుంది?’ ‘మా అబ్బోడితో మాట్లాడండి’ అంటే అది ఆయన తీసుకున్న నిర్ణయం. చాలాసార్లు ఆయనకు ముందే తెలిసి ఉంటుంది, కొడుకు కోసం తెలియనట్టు ఉంటాడు.

వార్త చెప్పే ముందు ఒక వాక్యం హెచ్చరికగా పడాలి: ‘రిపోర్టు మనం అనుకున్నంత మంచిగా రాలేదు.’ ఆగండి. తర్వాత ఒక్క వాక్యంలో జబ్బు పేరు. గడ్డ, పుండు అని తిప్పి తిప్పి చెప్తే క్యాన్సర్ కాదనుకుని వెళ్ళిపోతారు.

పెన్నాగట్టు
జబ్బు పేరు చెప్పడం అంటే టీబీ గుర్తొచ్చింది. మొదటి రోజు చెప్పాల్సిన మూడింటిలో ఒకటి కచ్చితంగా మూత్రం రంగు. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, చెమటా కన్నీళ్ళూ కూడా. ముందే చెప్తే ‘మందు పనిచేస్తోంది’ అనుకుంటారు. చెప్పకపోతే రెండో రోజు పొద్దున ‘రక్తం పడుతోంది’ అని ఆపేస్తారు. ఆపిన సంగతి మనకు చెప్పరు.

రెండోది, బాగయ్యే రోజు గురించి. మామూలు టీబీకి మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. ‘ఆ రోజు మీ మనసు ఇక చాలు అంటుంది. అప్పుడు మీరేం చేస్తారు?’ అని మొదటి రోజే అడిగి, జవాబు వాళ్ళ నోటితో చెప్పించాలి. ‘ఆరు నెలలు వాడాలి, మధ్యలో ఆపకూడదు’ అని మనం చెప్పడానికీ దీనికీ చాలా తేడా ఉంది. పోషణ కోసం నెలకు ఇచ్చే డబ్బు (2024 నవంబరు నుంచి 1000 రూపాయలు) విషయం చివర్లో చెప్పండి. ముందే బ్యాంకు పాసుబుక్కు అడిగితే మిగతాదంతా ఆ డబ్బు కోసం వినే మాట అయిపోతుంది.

చీమకుర్తి_రాయి
క్వారీల దగ్గర పనిచేసే వాళ్ళకు భాషే పెద్ద అడ్డం. ఒడిశా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీలు ఉంటారు. అందుబాటులో ఉండే దుబాసీ ఎవరు? మేస్త్రీ. మేస్త్రీ ముందు ఏ కూలీ అయినా దుమ్ము గురించి గానీ, ఆయాసం గురించి గానీ చెప్తాడా? పనిలోంచి తీసేస్తాడని భయం. ‘ఏం లేదంట సార్, జలుబంట’ అని తేల్చేస్తారు. సిలికోసిస్‌లో, అంటే రాతి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బులో, దగ్గు, ఆయాసం టీబీలాగే కనిపిస్తాయి, సిలికా దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. కాబట్టి ‘ఏం పని చేస్తావు’ అంటే సరిపోదు. డ్రిల్లింగా, కటింగా, పాలిషా, నీళ్ళు పోస్తూ కోస్తారా పొడిగా కోస్తారా, ఎన్నేళ్ళుగా అన్నంత వరకూ అడగాలి. అది మేస్త్రీ లేనప్పుడే అడగాలి.

మేస్త్రీని పొమ్మనలేరు. పంపించే పని ఇవ్వండి: ‘వీళ్ళ ఆధార్ కార్డులు కాస్త తెచ్చిపెట్టు అన్నా.’ దుబాసీగా వాళ్ళలోనే తెలుగు కాస్త వచ్చిన ఇంకో కూలీ మేలు, ఎవరిని పెట్టుకోవాలో రోగినే అడగండి. చిన్న పిల్లల్ని దుబాసీగా పెట్టొద్దు. మాట్లాడేటప్పుడు దుబాసీ మొహం కాదు, రోగి మొహం చూడండి. ‘ఇతన్ని అడుగు, దగ్గు ఎన్నాళ్ళ నుంచో’ అనొద్దు, ‘దగ్గు ఎన్నాళ్ళ నుంచి?’ అని నేరుగా రోగినే అడగండి. ఒక్కో వాక్యం చెప్పి ఆగాలి. మీరు మూడు వాక్యాలు చెప్తే అటు ఒక్క మాట వెళ్ళిందంటే రెండు వాక్యాలు గాల్లో కలిసినట్టే, అక్కడే ఆపి మళ్ళీ చెప్పించండి.

మైపాడు_గాలి
టీచర్ల వైపు నుంచి. పిల్లలు ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి మేడం’ అని మొదలుపెడతారు. ఒట్టు వేస్తే చట్టం ముందు ఇరుక్కుంటారు, వేయకపోతే పిల్ల నోరు మూసుకుంటుంది. ఏం చేయాలి?

పెన్నాగట్టు
ఒట్టు వేయకూడదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. 21వ సెక్షన్ కింద చెప్పకపోవడమే ఒక నేరం. కానీ ఇది పిల్లకు చెప్పే తీరు వేరు: ‘నువ్వు చెప్పేది క్లాసులో గానీ స్టాఫ్ రూంలో గానీ ఎవరికీ చెప్పను. నీకు ఎవరన్నా హాని చేస్తున్నారంటే మాత్రం దాన్ని ఆపగలిగిన వాళ్ళకు చెప్తాను. ఎవరికి చెప్పేదీ ముందు నీకు చెప్తాను.’ ఇది విన్నాక చాలామంది పిల్లలు కాసేపు ఆగి చెప్తారు. తొందరపెట్టొద్దు.

చెప్పడం మొదలుపెట్టాక మీ పని చిన్నది. ‘తర్వాత?’, ‘ఊఁ’. అంతే. ‘వాడు నిన్ను ఇక్కడ ముట్టుకున్నాడా?’ లాంటి జవాబున్న ప్రశ్నలు అడిగితే రేపు కేసులో అవే పిల్ల నోట్లో మీరు పెట్టిన మాటలవుతాయి. పిల్ల వాడిన మాటల్నే, ఎంత మోటుగా ఉన్నా, అదే రోజు టైముతో సహా రాసి పెట్టుకోండి. ఆమె చేత నలుగురి ముందు మళ్ళీ మళ్ళీ చెప్పించొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు స్టాఫ్ రూంలో కాదు, పిల్లలు చూసే గోడ మీద రాయండి.

గుండ్లకమ్మ
వరసల సంగతి ఎవరూ ఎత్తలేదు. మన దగ్గర పేరు పెట్టి పిలవడం కంటే వరస పెట్టి పిలవడం మర్యాద, నిజమే. కానీ ప్రతి వరసా మిమ్మల్ని ఆ ఇంట్లో ఒక చోట కూర్చోబెడుతుంది. భర్త కొడుతున్నాడని వచ్చిన మనిషిని ‘వదినా’ అన్నారనుకోండి, మీరు ఆ భర్తకు తోబుట్టువైపోయారు. ఇక ఆమె సగమే చెప్తుంది. ‘అక్కా’ అంటే ఆమె పుట్టింటి వైపు నిలబడ్డట్టు. అతనితో కూడా మాట్లాడాల్సి ఉంటే ‘బావా’ లాంటివి వద్దు, పేరుకు ‘గారు’ తగిలిస్తే చాలు.

యాభై అయిదేళ్ళ ఆయన్ని ‘తాతా’ అనొద్దు. కూలీ మనిషనో, యానాదులనో ‘నువ్వు’లోకి దిగిపోవడం మన ఆఫీసుల్లో ఉన్న పెద్ద రోగం. లైన్లో పక్క మనిషికి ‘మీరు’ వినిపించి తనకు ‘నువ్వు’ వినిపించిన వాళ్ళకు తర్వాత ఎంత బాగా చెప్పినా ఒకటే. ‘నిన్ను ఏమని పిలవమంటావు’ అనే బదులు ‘మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?’ అని అడగండి, రెండు సెకన్ల పని.

సింహపురి_సిస్టర్
వెంట వచ్చినవాళ్ళే అంతా మాట్లాడేస్తే? ఆడవాళ్ళ దగ్గర ఇదే గోల, భర్తో అత్తో జవాబు చెప్తారు.

చీమకుర్తి_రాయి
బరువు చూడటం, బీపీ చూడటం, ఈ రెండూ తెర వెనకాల పెట్టుకోండి. ‘ఒక్కరే రండమ్మా, బరువు చూడాలి’ అంటే ఎవరూ అనుమానపడరు, అడగాల్సింది అక్కడే అడగండి. బయటికొచ్చాక వెంట వచ్చినవాళ్ళ ముందు ఆమె లోపల చెప్పిన మాట ఎత్తొద్దు. హెచ్‌ఐవీ విషయంలో ఇది మర్యాద ఒక్కటే కాదు, 2017 చట్టం ప్రకారం ఆ మనిషి ఒప్పుకోకుండా ఫలితం బయటపెట్టకూడదు.

ఉదయగిరి_కొండ
తాగుడు గురించి కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

‘మానెయ్’ అంటే ‘మానేస్తా’ అంటాడు, అదీ ఒక ‘సరే’నే. మానాలన్న కారణాలు మనం చెప్పినంతసేపూ అతను మానలేని కారణాలు చెప్తాడు. పాత్ర తిరగెయ్యాలి. ‘తగ్గించాలని పదిలో ఎంత ఉంది?’ అని అడగండి. ‘నాలుగు’ అంటాడు. ‘ఏడెందుకు కాదు’ అని అడిగితే సాకులు వస్తాయి. ‘రెండు కాకుండా నాలుగు ఎట్లా అయింది?’ అని అడిగితే ‘పిల్ల చదువుకుంటోంది గదా’ అని కారణం అతనే చెప్తాడు. దాన్నే పట్టుకోండి. పదిలో ఎంత అన్నది పెద్దవాళ్ళకు ఎక్కకపోతే ‘రూపాయిలో ఎన్నణాలు?’ అనండి, పదహారణాలు ఎంతో వాళ్ళకు తెలుసు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్ళు లేచింది కూడా ఎవరో చేసిన ఉపన్యాసానికి కాదు, రాత్రిబడిలో వాళ్ళ బతుకు వాళ్ళే మాట్లాడుకోవడం మొదలయ్యాకే.

ఇప్పుడు జాగ్రత్త. రోజూ తాగే మనిషి చేత ఒట్టు పెట్టించి ఆ పూట నుంచే ఆపించకండి. ముందు అడగాల్సింది: ‘పొద్దున్నే ఒక చుక్క పడకపోతే చేతులు వణుకుతాయా? ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపించాయా?’ అవునంటే అతను ఆపాల్సింది ఇంట్లో కాదు, ఆసుపత్రిలో. ఆపిన తొలి రోజే వణుకు, చెమటలు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి చెదిరి, ఎవరో కొట్టడానికి వస్తున్నారని పరుగెత్తవచ్చు. అయ్యప్ప మాల వేసుకున్న రోజున చాలామంది ఒక్కసారిగా ఆపుతారు. మూడో రోజు తేడాగా మాట్లాడితే ‘స్వామి పూనాడు’ అనుకుంటూ ఆలస్యం చేస్తారు. అందుకే కార్తీకం ముందు వచ్చేవాళ్ళని ‘ఈసారి మాల వేసుకుంటున్నారా?’ అని అడగడం మన పని. మాల వద్దని కాదు, వారం ముందే డాక్టరును కలిసి వేసుకోమని.

కొత్తపట్నం_అల
ఇంకొకటి కూడా సూటిగా అడగాల్సింది ఉంది. ‘నేను పోతే అందరికీ పీడ వదులుద్ది’, ‘ఇంకెన్నాళ్ళులే’. ఈ మాటలు మనవాళ్ళు విసుగులోనూ అంటారు, నిజంగానూ అంటారు. ఏదో తెలియాలంటే అడగాలి. ‘అట్టాంటి ఆలోచనలేం లేవు కదా?’ అంటే మళ్ళీ పాత కథే, ‘లేవండీ’. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని నిదానంగా, కంగారు లేని గొంతుతో అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ‘ఛ ఛ, పిల్లల మొహం చూడు’ అనొద్దు. ‘చెప్పి మంచి పని చేశారు’ అని, ఏం చేయాలనుకున్నారో, అది ఇంట్లో అందుబాటులో ఉందో అడగండి. పొలం ఉన్న ఇల్లయితే పురుగుమందు ఎక్కడ పెడతారో అడిగి, ఆ రోజే ఇంట్లోంచి తీసి ఇంకొకరి దగ్గర తాళం వేయించాలి. ఒంటరిగా పంపొద్దు. మనసు బాగాలేని వాళ్ళతో మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ 14416కు మీ ఎదుటే, మీ ఫోన్ నుంచే కలపండి. 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. నంబరు రాసిచ్చి పంపితే ఆ కాగితం జేబులోనే ఉంటుంది.

మన్నేరు
ట్యాబు గురించి ఒక ముక్క చెప్పి పోతాను. మనిషి ఏడుస్తుంటే యాప్‌లో కాలమ్ నింపుతూ ఉంటాం. నింపక తప్పదు. కానీ ‘మీరు చెప్పింది మర్చిపోకుండా రాసుకుంటాను, ఒక్క నిమిషం’ అని చెప్పి తల దించండి, రాసేటప్పుడు మాట్లాడించొద్దు. రాశాక ట్యాబు బోర్లా పెట్టండి. బోర్లా పెట్టడం కనిపించాలి. బల్ల అడ్డం లేకుండా మూల మీదుగా కూర్చుంటే మరీ మంచిది, ఎదురెదురుగా కూర్చుంటే పంచాయితీలాగా ఉంటుంది.

సింహపురి_సిస్టర్
అందరికీ దండాలు. ఒకటి మాత్రం తేలలేదు. ‘కోడలికి ఏం చెప్తారు’ అని అడిగితే ‘మా కోడలు నాతో మాట్లాడదులేమ్మా’ అన్నారనుకోండి, అప్పుడు?

గుండ్లకమ్మ
అప్పుడు మాత్ర సంగతి ఒక నిమిషం పక్కన పెట్టండి. ‘మాట్లాడదు...’ అని ఆగండి. ఆమెకు అన్నం ఎవరు పెడుతున్నారో, మాత్రలు ఎవరు కొనుక్కొస్తున్నారో దాని తర్వాతి వాక్యంలో ఉంటుంది.